బక్క గుంటడైనా బాల్ కాపాడుకోవచ్చు

సాయంత్రం గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడే గుంటలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, వాడు నాకంటే లావు. వచ్చి ఆనుకుంటే తూలిపోతున్నాను. బాల్ ఎలా ఆపుకోవాలి?" మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పుట్టింది మన ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలోనే, శ్రీకాకుళం ఊళ్లో స్టేడియానికీ ఆయన పేరే. బలం అంటే మనకి మొదట్నుంచీ గురి ఎక్కువ. అయినా చెబుతున్నాను, డిఫెండర్‌కీ బాల్‌కీ మధ్య ఒళ్ళు అడ్డం పెట్టి ఆడే విద్యలో కండది ఆఖరి బెంచీ. సగం పని బాల్ మీ కాలికి తగలకముందే అయిపోవాలి.

నాకు జిరాక్స్ షాపు ఉంది. రాత్రి అక్కడ చేరే నలుగురి మధ్య ఈ టాపిక్ వచ్చిందంటే ఇక షట్టర్ దించడం ఆలస్యమే. మా చినమామయ్య ఖరగ్‌పూర్ రైల్వేలో చేసి రిటైరై వచ్చాడు. మన వైపు నుంచి అక్కడికి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి కదా, వాళ్ళలో మా వాళ్ళూ ఉన్నారు. సెలవు దొరికితే కలకత్తా వెళ్ళి మ్యాచ్‌లు చూసేవాడు. బాల్ కవర్ చేయడమంటే ఆయన దృష్టిలో చీమా ఒకోరీనే. నైజీరియా నుంచి వచ్చి మహమ్మదన్ స్పోర్టింగ్, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మూడింటికీ ఆడినవాడు. "పేరుకే చీమ అల్లుడూ, మనిషి ఏనుగు. అడ్డం నిలబడ్డాడంటే వెనకున్నవాడికి బాల్ కనపడేది కాదు" అంటాడు. కుర్రాళ్ళేమో ఈడెన్ హజార్డ్ అంటారు, టాటెన్‌హామ్‌లో ఆడిన ముసా డెంబెలే అంటారు. నా ఓటు అర్జెంటీనా ఆటగాడు రికెల్మేకి.

ఎందుకంటే 2000 నవంబర్ 28న టోక్యోలో జరిగిన ఇంటర్‌కాంటినెంటల్ కప్ మ్యాచ్ చూడండి. రికెల్మే ఆడే బోకా జూనియర్స్‌కి ఎదురుగా రియల్ మాడ్రిడ్. మొదటి ఆరు నిమిషాల్లోనే బోకా ఆటగాడు పలెర్మో రెండు గోల్స్ కొట్టాడు. కాసేపటికి రియల్ తరఫున రాబర్టో కార్లోస్ ఒకటి తిరిగి కొట్టాడు. ఇక మిగిలిన మ్యాచంతా బోకా ఆ 2-1ని కాపాడుకోవాలి. మకెలెలే లాంటివాడు వెంటపడుతున్నా రికెల్మే బాల్ మీద అరికాలు పెట్టి, ఇటు లాగి, అటు జరిపి, పాస్‌కి దారి దొరికేదాకా వదల్లేదు. పెద్ద పరుగు ఉన్న ఆటగాడు కూడా కాదు. ఆ వీడియో చూసేటప్పుడు బాల్‌ని వదిలేసి ఆయన నడుము మీద కన్నేయండి. డిఫెండర్ ఏ పక్కకొస్తే నడుము ఆ పక్కకి అడ్డం తిరుగుతుంది. నేర్చుకోవాల్సింది అదే.

ఇప్పుడు పని మొదలుపెడదాం. బాల్ మీ దగ్గరికొచ్చే లోపు భుజం మీదుగా వెనక్కి రెండుసార్లు చూడాలి. పాస్ ఇచ్చేవాడు కాలు ఎత్తకముందు ఒకసారి, బాల్ దారిలో ఉండగా ఇంకోసారి. మొదటిసారి డిఫెండర్ ఎంత దూరంలో ఉన్నాడో తెలియాలి, రెండోసారి ఏ భుజం వైపు వస్తున్నాడో తెలియాలి. దగ్గర్లో ఎవరూ లేకపోతే కవర్ చేసే పనే లేదు, శుభ్రంగా తిరిగి ముందుకెళ్ళండి. వెనక పది గజాలు ఖాళీ ఉన్నా వీపు పెట్టి నిలబడిపోయే పిల్లల్ని చూస్తే నాకు చిరాకు. దీనికి ప్రాక్టీస్ సులువు. ఒకడు మీ వెనక నిలబడి చేతివేళ్ళు చూపిస్తాడు, ఎదురుగా ఉన్నవాడు పాస్ ఇస్తాడు. బాల్ కాలికి తగిలే లోపు ఎన్ని వేళ్ళో మీరు గట్టిగా చెప్పాలి. వెనకవాడు మధ్యలో వేళ్ళు మారుస్తూ ఉండాలి, లేకపోతే మనవాళ్ళు ఒక్కసారి చూసి సరిపెట్టేస్తారు.

ఆ తర్వాత ఒళ్ళు తగిలించడం. పిల్లలు తడబడేది ఇక్కడే. డిఫెండర్ వచ్చి మిమ్మల్ని గుద్దేదాకా ఆగకండి, మీరే ముందు ఆనుకోండి. బాల్ ఇంకా రెండు మూడు గజాల దూరంలో ఉండగానే అర అడుగు వాడి వైపు జరిగి, మీ తుంటి వాడి తొడకి తగిలేలా చోటు పట్టండి. ఆ వెంటనే బాల్‌కి ఎదురెళ్ళండి. పరుగు మీద వచ్చి గుద్దితే బక్కవాడు కూడా పడగొడతాడు. ముందే ఆనుకుని ఉంటే వాడికి పరుగు తీసే చోటు దొరకదు, నిలబడి నెట్టడం ఒక్కటే మిగులుతుంది. నిలబడి నెట్టేవాణ్ణి ఏడో క్లాసు కుర్రాడు కూడా ఓర్చుకోగలడు.

నిలబడే తీరు గురించి కాస్త ఓపిగ్గా చదవండి. వీపు మొత్తం డిఫెండర్‌కి అప్పగించకూడదు. అలా నిలబడితే వాడు మీ కాళ్ళ మధ్య నుంచి కాలు దూర్చి బాల్ పొడిచేస్తాడు, ఎటు నుంచైనా చుట్టి రాగలడు. పక్కకి తిరిగి నిలబడండి. ఒక భుజం, ఒక తుంటి వాడి వైపు, బాల్ అవతలి కాలి దగ్గర. అప్పుడు బాల్ అందాలంటే వాడు మీ ఒంటి వెడల్పు దాటి, ఆ పైన మీ కాలు చాచినంత దూరం అందుకోవాలి. పాదాలు భుజాలకంటే కాస్త ఎడంగా, మోకాళ్ళు వంచి, పిరుదులు కిందికి దించి ఉంచండి. వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి ఊరు ఆముదాలవలస పక్కనే కాబట్టి ఇక్కడ స్క్వాట్ అంటే ఎవరికీ వివరించక్కర్లేదు. అందులో పావు వంతు దిగితే చాలు. లివర్‌పూల్ పాత అభిమానులు కెన్నీ డాల్‌గ్లిష్ గోల్స్ గురించి ఎంత చెబుతారో, ఆయన పిరుదులు అడ్డం పెట్టి బాల్ దాచిన తీరు గురించీ అంతే చెబుతారు. పొట్టివాళ్ళకి ఇది ఇంకా కలిసొస్తుంది, ఒంటి బరువు నేలకి దగ్గరగా ఉంటుంది కదా. మారడోనా 165 సెంటీమీటర్లు. మెస్సీ 170. మన సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ కూడా 170 దగ్గరే.

డిఫెండర్ వైపు ఉన్న చెయ్యి మోచేతి దగ్గర వంచి, భుజం ఎత్తుకి తక్కువగా, వాడి ఛాతీకో పొట్టకో తగిలీ తగలనట్టు ఉంచండి. మీ కళ్ళు బాల్ మీద ఉంటాయి కాబట్టి వెనకున్నవాడు ఎటు కదులుతున్నాడో ఆ చెయ్యే మీకు చెప్పాలి. చెయ్యి చాచి తోశారో, జెర్సీ పట్టుకున్నారో, ఫ్రీ కిక్ వాళ్ళకే. ఈ స్పర్శ అలవాటు కావాలంటే బాల్ లేకుండా కళ్ళు మూసుకుని నిలబడండి. వెనకవాడు ఎడమ భుజం మీద ఒత్తితే కుడికి, కుడి మీద ఒత్తితే ఎడమకి తిరగాలి. చూడ్డానికి నవ్వొస్తుంది గాని బాగా పనిచేస్తుంది.

మేం ఎండాకాలంలో నాగావళి నీళ్ళు తగ్గాక ఇసకలో చెప్పుల్లేకుండా ఆడిస్తాం. కర్రతో రెండు మూడు గజాల గుండ్రం గీసి ఇద్దరిని లోపలికి పంపుతాం. బాల్ ఉన్నవాడు పది అంకెలు లెక్కపెట్టేదాకా కాపాడుకోవాలి. గుండ్రం దాటినా, బాల్ పోయినా అవతలివాడి వంతు. ఇసకలో కాలు దిగబడుతుంది, మోకాళ్ళు వంచకపోతే నిలదొక్కుకోలేరు, నేను అరవాల్సిన పని ఉండదు. ఉదయం ఏడు లోపే కానిచ్చేయాలి, ఆ తర్వాత ఇసక కాలుతుంది. గ్రౌండ్‌లో గట్టి నేల మీదైతే ముగ్గుతో గీయండి, బాల్‌లో గాలి కాస్త తగ్గించండి. నిండా కొట్టిన బాల్ ఆ నేల మీద కాలి కింద ఆగదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి నాలుగో సైజు బాల్ ఇవ్వండి, ఐదు వద్దు.

బాల్ పట్టుకోవడం వచ్చేసరికి చాలామందికి వదలడం చేతకాదు. పట్టూ విడుపూ రెండూ ఉండాలి. రెండు మూడు సెకన్లు దాటితే రెండోవాడు వచ్చి పడతాడు. వెనకవాడు బరువంతా మీ మీద వేశాడని తుంటికి తెలిసిన క్షణంలోనే వాడి ఒత్తిడినే ఆసరా చేసుకుని తిరిగిపోవాలి, వాడు ముందుకి తూలతాడు. బరువు వేయకుండా ఆగి చూస్తున్నాడా, తిరగొద్దు. అప్పుడు ఎదురొచ్చే మనవాడికి ఒక్క టచ్‌లో వెనక్కి ఇచ్చేయండి. 2018 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ సెంటర్ ఫార్వర్డ్ జిరూడ్ కొట్టిన షాట్ ఒక్కటీ గోల్ మీదికి వెళ్ళలేదు, అయినా కప్పు ఫ్రాన్స్‌దే. స్టాపర్లని, అంటే మధ్యలో ఉండే డిఫెండర్లని, వీపు మీద మోస్తూ ఎంబాపే, గ్రీజ్‌మన్‌లకి చోటు చేసి పెట్టాడు. మా కుర్రాళ్ళు ఆయన్ని ఎగతాళి చేస్తే నేను ఊరుకోను.

రూల్ కూడా తెలిసుండాలి, టోర్నమెంట్‌లో గొడవలయ్యేది దీని మీదే. బాల్ మీ కాలికి అందే దూరంలో ఉన్నంతసేపు ఒళ్ళు అడ్డం పెట్టడం తప్పు కాదు. గోల్ కిక్ కోసం బాల్‌ని లైను దాటనిచ్చే డిఫెండర్లు చేసేదీ ఇదే. అలాగే అవతలివాడు భుజంతో న్యాయంగా ఒత్తడమూ తప్పు కాదు, కింద పడి రిఫరీ వైపు చూడకండి. బాల్ అందనంత దూరంలో ఉండగా మనిషికి అడ్డం నిలబడితే మాత్రం ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్, అంటే దాన్నుంచి నేరుగా గోల్ కొట్టలేరు. అలా అడ్డుకుంటూ ఒళ్ళు తగిలించారా, డైరెక్ట్.

మన పెనాల్టీ బాక్సు దగ్గర ఈ విద్యలేవీ వద్దు. పక్కన మనవాడు ఖాళీగా ఉంటే బేగి ఇచ్చేయండి, లేకపోతే టచ్ లైన్ అవతలికి తన్నేయండి. చివరి ఐదు నిమిషాల్లో ఒక గోల్ ముందున్నారనుకోండి, అప్పుడు బాల్ తీసుకుని వాళ్ళ కార్నర్ ఫ్లాగ్ దగ్గరికి వెళ్ళిపోండి. రెండు వైపులా లైన్లే కాబట్టి డిఫెండర్ రావడానికి దారులు తగ్గిపోతాయి. వాడు విసుగెత్తి కాలు వేస్తే బాల్ వాడికే తగిలి బయటికి పోతుంది, మీకు థ్రోయో కార్నరో వస్తుంది. థ్రో తీసుకోవడానికి పరుగెత్తకండి, నడిచి వెళ్ళండి. మరీ నత్తనడక నడిస్తే ఎల్లో కార్డు ఇస్తాడు, అది మాత్రం చూసుకోండి.