ద్రాక్షకు తగ్గ పాట, 4వ పాఠం: బరువంటే వాల్యూమ్ కాదు

పోయిన పాఠంలో నేను "బరువైన వైన్‌కి బరువైన పాట" అని రాశాను. ఆ మాట పట్టుకుని చాలామంది కాబర్నే సావిన్యాన్ అనే ఎర్ర వైన్ పోసుకుని, హెవీ మెటల్ పెట్టుకుని, సౌండ్ ఫుల్లుగా పెంచి తాగారు. తర్వాత అందరి ఫిర్యాదూ ఒకటే: నోరు ఎండిపోయింది, వైన్ చేదెక్కింది, పాట లేకపోతేనే బాగుంది. ఈసారి తెల్ల ద్రాక్షలన్నీ పూర్తి చేద్దామనుకున్నాను గానీ, దీన్ని సరిచేయకుండా ముందుకెళ్తే రాబోయే పాఠాలు ఏవీ నిలబడవు. తెల్లవాటికి చివర్లో ఎంత చోటు మిగిలితే అంత.

గ్లాసు ఎలా పట్టుకోవాలి, ఎలా తిప్పాలి, వాసన ఎప్పుడు చూడాలి, ఇవన్నీ మళ్లీ చెప్పను. అవి మీకు వచ్చు.

ముందు నేను పోయినసారి రాయకుండా వదిలేసిన మాట చెప్తాను. పాట వైన్‌ని తనవైపు లాక్కుంటుంది. ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ యూనివర్సిటీలో ఏడ్రియన్ నార్త్ అనే సైకాలజిస్టు 250 మందితో ఒక ప్రయోగం చేశాడు, దాని సంగతి 2008లో బయటికొచ్చింది. కొందరికి కాబర్నే ఇచ్చారు, కొందరికి షార్డనే అనే తెల్ల వైన్. కొన్ని గదుల్లో గంభీరమైన సంగీతం, కొన్నిట్లో నాజూకైనది, కొన్నిట్లో హుషారైనది, కొన్నిట్లో మెత్తనిది, మరికొన్నిట్లో ఏమీ లేదు. మొత్తం మీద గంభీరమైన సంగీతం విన్నవాళ్లకి వైన్ గంభీరంగా అనిపించింది, మెత్తనిది విన్నవాళ్లకి అదే వైన్ మెత్తగా అనిపించింది. సీసాలో ఉన్నది మాత్రం ఒకటే. ఇప్పుడు మీ గ్లాసు సంగతికి రండి. లేత కాబర్నే అప్పటికే చిగుళ్లని పట్టేసే రకం. దాని పక్కన గరుకైన పాట పెడితే ఇంకా గరుకవుతుంది, మీకు జరిగింది అదే. కాబట్టి పాట వెతికే ముందు "ఈ వైన్‌లో నాకు ఏది ఇంకాస్త కావాలి?" అని అడగండి. పండు కావాలా, పులుపు కావాలా, నిండుదనం కావాలా? వగరు ఇంకా కావాలని ఎవరూ అనరు.

ఇక బరువు. బరువంటే మంద్ర స్థాయి, అంటే కింది స్వరాలు, బేస్. గట్టిగా మోగడం వేరే సంగతి. లోతైన గొంతున్న మనిషి పక్క గదిలో పిల్లలకి వినపడనంత నెమ్మదిగా జోల పాడినా ఆ పాటకి బరువుంటుంది, ఈల ఎంత గట్టిగా వేసినా దానికి బరువు రాదు. హెవీ మెటల్ పేరులో హెవీ ఉంది నిజమే, కానీ గిటార్‌కి వేసే డిస్టార్షన్ అసలు స్వరం మీద బోలెడన్ని పై స్వరాలను పుట్టిస్తుంది, చెవికి ముందు తగిలేది ఆ రంపపు గరుకే. దీనికి తోడు చాలామంది ఫోన్ స్పీకర్లో విన్నారు. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంత చిన్న స్పీకర్ ఆ స్వరాన్ని పలికించలేదు, ఎంత సౌండ్ పెంచినా పెరిగేది పైనున్న తాళాల మోత, గిటార్ గరుకు, అరుపు మాత్రమే. అంటే మీరు పెట్టింది బరువు తీసేసిన పాట. సీసా ఎంచుకోవడానికి గంటసేపు ఆలోచించినవాళ్లు కూడా పాటని మాత్రం టేబుల్ మీద బోర్లించిన ఫోన్లో వినడం నన్ను నిజంగా బాధపెడుతుంది. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు, కాకపోతే చెవిలో బిగుతుగా కూర్చోవాలి. వదులుగా ఉంటే ముందు పోయేది బేసే.

వాల్యూమ్ చేసే నష్టం వేరే ఉంది. కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 2015లో విమానం లోపలి రొద లాంటి శబ్దం, సుమారు 85 డెసిబెల్స్, వినిపిస్తూ మనుషులకి రుచులు చూపించారు. తీపి తగ్గినట్టు తెలిసింది, ఉమామి, అంటే పుట్టగొడుగుల్లో, మాంసం పులుసులో ఉండే కమ్మదనం, పెరిగినట్టు తెలిసింది. ఎర్ర వైన్‌లో చక్కెర దాదాపు ఉండకపోయినా, పండు రుచిని మనం తీపితో కలిపే గుర్తుపడతాం. ఆ పండు వెనక్కి పోతే నోట్లో మిగిలేవి పులుపూ వగరూ. నేను పాటించే హద్దు ఒకటే: పక్కనున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలగాలి. అంతకు మించి సౌండ్ పెంచిన రోజు నేను అసలు వైన్ తెరవను.

ఇంకో చిక్కు, ఇది మాటల్లోది. మీలో చాలామంది "చేదు" అని రాసింది చేదు కాదు, వగరు. షడ్రుచుల్లో వగరుకి విడిగా చోటున్న భాష మనది, ఆ మాట వాడుకోండి. చేదు నాలుక మీద తెలుస్తుంది. వగరు బుగ్గల లోపలా చిగుళ్ల మీదా తెలుస్తుంది, ఎందుకంటే ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ వచ్చే టానిన్లు అనే పదార్థాలు ఉమ్మిలోని ప్రొటీన్లని పట్టేసుకుని నోటిలో జారుడు లేకుండా చేస్తాయి, ఎక్కువసేపు మరిగిన టీ తాగినట్టు. తేడా ఎందుకు ముఖ్యమంటే, ఆక్స్‌ఫర్డ్‌లో చార్లెస్ స్పెన్స్ బృందం చేసిన పరీక్షల్లో జనం కింది స్వరాలని చేదుతోనూ, పై స్వరాలని తీపి, పులుపులతోనూ జతపరిచారు. వైన్ నిజంగానే చేదుగా ఉంటే బేస్ ఎక్కువున్న పాట దాన్ని ఇంకా చేదు చేయొచ్చు. వగరుగా మాత్రమే ఉంటే, గుండ్రటి బేస్ కింద దిండు పెట్టినట్టు పనిచేస్తుందని నా అనుభవం. ఒక గుక్క తాగాక నాలుకతో ముందు పళ్ల వెనక తడమండి. అక్కడ గరుగ్గా ఉంటే వగరే. ఎర్ర వైన్ బాగా చల్లగా ఉన్నా వగరు ఎక్కువగా తెలుస్తుంది, 16 నుంచి 18 డిగ్రీల మధ్య తాగితే సగం గొడవ ఉండదు.

మరి కాబర్నేకి ఏం పెట్టాలి? రెగే, అంటే జమైకా నుంచి వచ్చిన సంగీతం, పెట్టండి. నింపాదిగా నడిచే బేస్, మధ్యలో ఎదురు దెబ్బ మీద, అంటే తాళం దెబ్బకీ దెబ్బకీ నడుమ, టక్కున తెగే సన్నటి గిటార్. ఆ సన్నటి గిటార్ ఎందుకంటున్నానో చెప్తాను. కాబర్నే సావిన్యాన్ అనేది కాబర్నే ఫ్రాంక్, సావిన్యాన్ బ్లాంక్ కలిసి పుట్టిన ద్రాక్ష అని 1997లో కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీ వాళ్లు డీఎన్ఏతో తేల్చారు. కాబర్నేలో అప్పుడప్పుడు వచ్చే క్యాప్సికమ్ లాంటి పచ్చి వాసన ఈ కుటుంబానిదే, అమ్మానాన్నలిద్దరిలోనూ అది ఉంటుంది. పాటలో ఒట్టి బేసే ఉంటే ఆ పచ్చి వాసన ఒంటరిగా, తప్పులా నిలబడుతుంది. పైన ఒక సన్నటి స్వరం ఉంటే దానికి తోడు దొరుకుతుంది. రెగే నచ్చనివాళ్లు లోతైన ఆడగొంతుతో నెమ్మదిగా సాగే సోల్ పాట పెట్టుకోండి.

సిరా (షిరాజ్ అన్నా ఇదే) మిరియాల వాసనకి పేరు. ఆ వాసన రోటండోన్ అనే పదార్థం వల్ల వస్తుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో చెప్పారు, సుమారు 20 శాతం మందికి అది అసలు తెలియదని కూడా చెప్పారు. డ్రమ్స్‌లో హై-హ్యాట్ (కాలితో నొక్కే జంట తాళాలు) చిటచిటలాడే ఫంక్ పాట దీనికి బాగా కుదురుతుంది. ఇద్దరు కలిసి తాగుతూ ఒకరికి కుదిరి ఇంకొకరికి కుదరకపోతే వాదించుకోకండి, వాళ్ల ముక్కుకి ఆ మిరియాలు అందడం లేదేమో.

పీనో న్వార్‌ది పల్చటి తొక్క, వగరు తక్కువ. దీనికి నేను డ్రమ్స్ ఉన్న పాట పెట్టను. ఒక గిటార్, ఒక గొంతు, అంతే. మాల్బెక్‌కి దాదాపు ఏ పాటైనా సరిపోతుంది కాబట్టి దాని మీద ఇప్పుడు సమయం పెట్టను.

నెబియోలో దగ్గర మాత్రం ఆగాలి. బరోలో అనే ఇటలీ ఎర్ర వైన్ చేసే ద్రాక్ష ఇది. రంగు చూస్తే పల్చగా, దాదాపు పీనో లాగే ఉంటుంది, అది చూసి తేలికైన పాట పెడతారు. నోట్లో పోసుకుంటే కాబర్నేతో పోటీపడే వగరు, దానిపైన పదునైన పులుపు. రంగు చూసి పాట ఎంచుకునే అలవాటున్నవాళ్లు ఒక్కసారి ఇది తాగితే ఆ అలవాటు పోతుంది. దీనికి కావలసింది రెండు చివరలూ ఉన్న పాట: తార స్థాయిలో గొంతు, మంద్రంలో డబుల్ బేస్, మధ్యలో దాదాపు ఖాళీ. అలాంటివి దొరకడం కష్టం. నా దగ్గర నాలుగే ఉన్నాయి, ఏళ్ల తరబడి వాటినే తిప్పితిప్పి వింటున్నాను, విసుగు రాలేదు.

తెల్లవి, క్లుప్తంగా. సావిన్యాన్ బ్లాంక్‌కి వేగంగా నడిచే, సింథ్ మెరుపులున్న పాప్. రీస్లింగ్ కొనేముందు అది తియ్యటిదా కాదా చూసుకోండి, ఒకే ద్రాక్ష రెండు రకాలుగానూ వస్తుంది. తియ్యటిదైతే పై స్వరాల్లో పియానో, సౌండ్ బాగా తగ్గించి. గట్టిగా పెడితే తీపి వెనక్కి పోయి పులుపు పళ్లని లాగుతుంది. షార్డనేకి సొంత వాసన తక్కువ, వెన్న వాసన మలోలాక్టిక్ ప్రక్రియ (బ్యాక్టీరియా వైన్‌లోని పదునైన పులుపుని మెత్తబరచడం) నుంచీ, వెనిల్లా ఓక్ పీపా నుంచీ వస్తాయి, అందుకే ద్రాక్ష పేరు చూసి పాట చెప్పలేను. ఓక్ ఎక్కువైనది నాకు నచ్చదు, అలాంటిది ఎదురైతే హుషారైన డిస్కో పెట్టి కాస్త లేపుతాను.

ఈసారి అభ్యాసం పెద్దది. కాబర్నే, పీనో న్వార్, తియ్యటి రీస్లింగ్, రోజుకొకటి చొప్పున మూడు రోజులు. మూడు పాటలు: బేస్ నిండినది, గిటారూ గొంతూ మాత్రమే ఉన్నది, పై స్వరాల పియానో ఉన్నది. ప్రతి వైన్‌నీ ముందు నిశ్శబ్దంలో, తర్వాత ఒక్కో పాటతో, ఆ తర్వాత బేస్ పాటతోనే సౌండ్ పెంచి ఇంకోసారి చూడండి. ఒక్కోసారి 15 మిల్లీలీటర్లు మించొద్దు, రుచి చూశాక ఉమ్మేయండి, నిపుణులు చేసేది అదే. గుక్కకీ గుక్కకీ మధ్య నీళ్లు తాగి ఐదు నిమిషాలు ఆగండి. తీపి, పులుపు, చేదు, వగరు, ఈ నాలుగింటికీ 1 నుంచి 5 వరకు మార్కులు వేయండి, పాట ఆగకముందే వేయండి. నాలుగో రోజు కాబర్నేని మళ్లీ తీసుకుని పాటల వరుస తిరగేయండి, వరుసని ఇంకొకరు నిర్ణయిస్తే ఇంకా మంచిది. మొదటి రోజు మార్కులతో పోల్చండి, రెండు మార్కులకన్నా ఎక్కువ తేడా వచ్చిన చోట గుర్తు పెట్టుకోండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను. అన్నట్టు, మూడు పాటలూ మీకు రాని భాషలోవి ఎంచుకోండి. మాటలు అర్థమైతే మీరు పాటలోని కథకి మార్కులు వేస్తారు.