అన్నం వద్దని మారాం చేసే పసిపిల్లలకు తిండి మీద ఆసక్తి కలిగించడం ఎలా?

నిన్నమొన్నటి దాకా పెట్టిందల్లా తిన్న బిడ్డ ఏడాదిన్నర వచ్చేసరికి కంచం చూడగానే మూతి బిగించుకోవడం, నోట్లో పెట్టిన ముద్దను మింగకుండా బుగ్గన పెట్టుకుని కూర్చోవడం చాలా ఇళ్లలో కనిపించేదే. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి సుమారు 9 కిలోలకు చేరితే, రెండో ఏడాదిలో పెరిగేది 2 నుంచి 2.5 కిలోలు మాత్రమే. ఎదుగుదల వేగం తగ్గడంతో ఆకలీ తగ్గుతుంది. దానికి తోడు, ఈ వయసులో కొత్త పదార్థాన్ని నోట్లో పెట్టుకోవడానికి పిల్లలు జంకుతారు. కాబట్టి ఎన్ని ముద్దలు తిన్నారన్న లెక్కను కొంతకాలం పక్కన పెట్టి, కింది క్రమంలో ప్రయత్నించండి.

1. ముందు ఆకలి వేయనివ్వండి

రోజుకు మూడు పూటలా భోజనానికి, మధ్యలో రెండుసార్లు చిరుతిండికి వేళలు నిర్ణయించుకుని, ఒకదానికీ మరొకదానికీ నడుమ రెండున్నర నుంచి మూడు గంటల విరామం ఉండేలా చూడండి. ఆ విరామంలో మంచినీళ్లు తప్ప బిస్కెట్లు, జంతికలు, పండ్ల రసాలు ఏవీ ఇవ్వకండి. చాలామంది పిల్లల విషయంలో చిక్కు పాల దగ్గర మొదలవుతుంది. అన్నం తినలేదన్న బెంగతో తల్లి సీసాడు పాలు పట్టిస్తుంది, ఆ పాలతో కడుపు నిండిన బిడ్డ తర్వాతి పూట కూడా అన్నం వద్దంటుంది, మళ్లీ పాలే దిక్కవుతాయి. ఏడాది దాటిన బిడ్డకు ఆవు పాలైనా గేదె పాలైనా రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లు సరిపోతాయి. అంతకు మించితే ఆకలి చచ్చిపోవడమే కాక, పాలలో ఇనుము చాలా తక్కువ కనుక రక్తహీనత వచ్చే ప్రమాదం కూడా ఉంటుంది. సీసా మాన్పించి చిన్న గ్లాసుతో తాగించడం మొదలుపెడితే పాలు వాటంతట అవే తగ్గుతాయి.

2. ఎంత తినాలో బిడ్డనే తేల్చుకోనివ్వండి

ఏమి వండాలి, ఏ వేళకు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నవి పెద్దలు నిర్ణయించవలసిన విషయాలు. పెట్టినదానిలో ఎంత తినాలన్నది మాత్రం బిడ్డకే తెలుస్తుంది. వయసు ఏడాదికి ఒక టేబుల్ స్పూను చొప్పున, అంటే రెండేళ్ల బిడ్డకు పప్పన్నం రెండు స్పూన్లు, కూర రెండు స్పూన్లు వడ్డించి, మారు అడిగితే మళ్లీ వడ్డించడం మంచి పద్ధతి. గోరుముద్దలు తినిపిస్తూ చందమామ కథ చెప్పడంలో తప్పేమీ లేదు. కానీ బిడ్డ తల తిప్పుకున్న తర్వాత కూడా "ఇది అమ్మమ్మ ముద్ద, ఇది తాతయ్య ముద్ద" అంటూ కుక్కడం వల్ల, కడుపు నిండిందని తనకు తానుగా గుర్తించే శక్తి మొద్దుబారుతుంది.

3. తెలిసిన రుచి పక్కన కొత్త రుచిని ఉంచండి

కొత్త కూరను ఒక్కదాన్నే కంచం నిండా పెడితే ఏ బిడ్డయినా బెదురుతుంది. ఇష్టంగా తినే ముద్దపప్పు, నెయ్యి అన్నం పక్కన ఉడికిన బీరకాయ ముక్క ఒక్కటి ఉంచి, దాని గురించి ఏమీ అనకుండా ఊరుకోండి. మొదటిరోజు పట్టించుకోకపోవచ్చు, తర్వాత వేలితో నొక్కి చూడవచ్చు, ఇంకోనాడు నాలుకకు తగిలించి ఉమ్మేయవచ్చు. అవన్నీ తినడం నేర్చుకోవడంలో భాగాలే. ఒక పదార్థం అలవాటు కావడానికి పది, పదిహేను సార్లు కూడా పట్టవచ్చు. రెండుమూడుసార్లు పెట్టి "మావాడికి బీరకాయ పడదు" అని తీర్పు చెప్పేయడం తొందరపాటు. అదే కాయను పప్పులోనో పచ్చడిలోనో కారం తగ్గించి ఇచ్చినా సరే.

4. వంటలో చేయి పెట్టనివ్వండి

నా అభిప్రాయంలో అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. రైతుబజారుకు వెంట తీసుకెళ్లి రెండు టమాటాలను బిడ్డ చేతే సంచిలో వేయించండి. ఇంటికి వచ్చాక పాలకూర ఆకులు తుంపడం, పచ్చి బఠాణీ కాయలు ఒలవడం, గిన్నెలో నీళ్లు పోసి పెసరపప్పు కడగడం, చపాతీ పిండి ఉండను అరచేతితో అదమడం వంటివి రెండేళ్ల పిల్లలు సంబరంగా చేస్తారు. ఒలిచిన గింజల్లో సగం నేల మీద దొర్లుతాయి, నీళ్లు ఒలుకుతాయి. కింద పాత దుప్పటి పరుచుకుంటే మీ ఓపిక నిలుస్తుంది. తాను తుంపిన ఆకు పప్పులో కనిపించినప్పుడు బిడ్డ దాన్ని వేలితో చూపిస్తుంది, చాలాసార్లు నోట్లోనూ పెట్టుకుంటుంది. తినేటప్పుడు కూడా చేత్తో కలుపుకోనివ్వండి. మీద పడిన మెతుకులు తర్వాత తుడవవచ్చు.

5. ఫోను, లంచం, బూచాడు వద్దు

ఫోనులో బొమ్మలు చూస్తూ తినే బిడ్డకు తాను ఏమి తింటున్నదో, ఎంత తింటున్నదో తెలియదు కనుక, కంచం ఖాళీ అయినా ఆసక్తి పుట్టదు. "కూర తింటే చాక్లెట్ ఇస్తా" అనడం కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టవుతుంది. కనీసం ఒక పూటైనా ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని, అందరూ అదే కూర తింటూ కనిపించాలి. అరగంట దాటితే, మిగిలినా సరే, కంచం తీసేసి తర్వాతి వేళ కోసం ఆగండి.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

అంగన్‌వాడీలోనో పిల్లల డాక్టరు దగ్గరో బరువు, పొడవు క్రమంగా నమోదు చేయిస్తూ ఉంటే, బిడ్డ తన పద్ధతిలో ఎదుగుతున్నదో లేదో తెలుస్తుంది. బరువు తగ్గినా, నెలల తరబడి పెరగకపోయినా, మింగేటప్పుడు పొలమారుతున్నా, తరచుగా వాంతులవుతున్నా, గట్టి పదార్థాలేవీ ముట్టకపోయినా ఆలస్యం చేయవద్దు. మట్టి, సుద్ద, గోడ సున్నం తినే పిల్లల్లో ఇనుము లోపం ఉండే అవకాశం ఎక్కువ కనుక రక్తపరీక్ష చేయించాలి. ఆసక్తి పెంచే ప్రయత్నంలో ఏ వయసుకు ఏమి ఇస్తున్నామో కూడా గమనించుకోండి: అయిదేళ్ల లోపు పిల్లలకు వేరుశనగలను, వేయించిన శనగలను గింజలుగా ఇవ్వకుండా పొడి చేసి అన్నంలో కలపండి, ద్రాక్షపండ్లను నిలువునా చీల్చి ఇవ్వండి, సీతాఫలం గింజలు తీసేసి పెట్టండి, తింటున్నంత సేపూ పక్కనే కూర్చోండి.