కొత్త షాపింగ్ మాల్‌కు జనం ఎందుకు రావడం లేదో తేల్చుకోవడం ఎలా?

ప్రకటనల ఖర్చు పెంచే ముందు, అసలు జనమే రావడం లేదా, లేక వచ్చినవారు కొనకుండా వెళ్తున్నారా అన్నది తేల్చుకోవాలి. ఇందుకు ప్రతి ద్వారం వద్ద గంటగంటకూ వచ్చేవారిని లెక్కించి, ఆ సంఖ్యను దుకాణాల బిల్లుల సంఖ్యతో పోల్చి చూడండి.

జనమే రాకపోతే పెద్ద దుకాణాల సంగతి చూడాలి. 1956లో అమెరికాలో ప్రారంభమైన సౌత్‌డేల్ మాల్‌కు కూడా, పరస్పరం పోటీపడే రెండు డిపార్ట్‌మెంట్ స్టోర్లే అప్పట్లో బలం. సూపర్ మార్కెట్, సినిమా హాళ్ల వంటివి సిద్ధం కాకముందే మాల్‌ను తెరిస్తే, తొలిసారి వచ్చినవారు దించిన షట్టర్లనూ ‘త్వరలో ప్రారంభం’ బోర్డులనూ చూసి వెనుదిరుగుతారు. అలాంటివారిని మళ్లీ రప్పించడం, నా ఉద్దేశంలో, కొత్తవారిని రప్పించడం కంటే కష్టం. కాబట్టి అద్దెలో రాయితీ ఇచ్చి అయినా, తెరిచిన దుకాణాలను అంతస్తులన్నిటా చెదిరి ఉండనివ్వకుండా ఒకచోటికి చేర్చండి.

తర్వాత బస్టాపు నుంచీ పార్కింగ్ నుంచీ ద్వారం దాకా మీరే నడిచి చూడండి. యజమానులు సాధారణంగా చేయని పని ఇదే. రోడ్డు దాటే వీలు లేకపోవడం, పార్కింగ్ రుసుము, పైకి వెళ్లే ఎస్కలేటర్ కంటికి కనిపించకపోవడం వంటివి అప్పుడే బయటపడతాయి.

జనం వస్తున్నా అమ్మకాలు లేకపోతే, దుకాణాల ధరలు చుట్టుపక్కల కుటుంబాల ఆదాయానికి తగినవేనా అని పరిశీలించాలి.