బీటిల్ కారు తలుపు మడతబందులో బిగుసుకుపోయిన పిన్ను తీయడం

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ తలుపు మడతబందులు బయటికే ఉంటాయి కాబట్టి వాన నీరు, దుమ్ము నేరుగా పిన్ను చుట్టూ చేరతాయి. ఏళ్ల తరబడి నూనె చుక్క పడకపోతే అక్కడ తుప్పు పుడుతుంది; అది అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుకనే పిన్ను అంతగా బిగుసుకుంటుంది. దాన్ని సుత్తి బలంతోనే ఊడగొట్టాలని చూస్తే పిన్ను కొస పుట్టగొడుగులా పరుచుకుని, ఇక ఎటూ కదలదు. మొదటిసారి నేను చేసిన నిర్వాకం అదే.

మడతబందును కారు బాడీ స్తంభానికి పట్టి ఉంచే పెద్ద స్క్రూలను విప్పితే తలుపే ఊడి వస్తుంది కదా అనిపించవచ్చు. కానీ అవీ తుప్పు పట్టే ఉంటాయి. పైగా వాటిని కదిపితే తలుపు అమరిక చెదిరి, చుట్టూ సందులు మళ్లీ సమంగా రావడానికి ఒక రోజంతా పడుతుంది. అందుచేత ముందు పిన్ను సంగతే చూడాలి.

మూడు రోజుల పాటు ఉదయం, సాయంత్రం పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి ఇంకే పలుచని నూనె) పోసి, ప్రతిసారీ తలుపును మెల్లగా ఆడించండి. అసిటోన్, ఆటోమేటిక్ గేరు ఆయిల్ సమపాళ్లలో కలిపినా బాగానే పనిచేస్తుంది, అయితే అసిటోన్ రంగును తినేస్తుంది. తర్వాత తలుపును ఆపే పట్టీని విడదీసి, తలుపు అడుగున చెక్క ముక్క, పాత దుప్పటి పెట్టి జాకీతో దన్ను ఇవ్వండి. తలుపు బరువు పిన్ను మీద ఉన్నంత వరకు అది వంకరగా ఒత్తుకుని పట్టేస్తూనే ఉంటుంది.

పిన్నుకు ఏ కొసన గరుకు గాట్లు ఉన్నాయో శుభ్రం చేసి చూసి, ఆ కొస ముందుగా బయటికి వచ్చేలా రెండో కొస నుంచి తోయాలి. కొట్టడం కన్నా ఒత్తడం మేలు. జి-క్లాంపు (మరతో బిగించే G ఆకారపు పట్టుకర్ర) ఒక దవడకు పిన్ను దూరేంత స్పానర్ సాకెట్టును, మరో దవడకు పిన్ను కన్నా సన్నని ఉక్కు ముక్కను ఆనించి, గట్టిగా బిగించి, క్లాంపు ఒంటి మీద చిన్న సుత్తితో తట్టండి. టక్కుమని చప్పుడై, అంచున ఎర్రటి తుప్పు నూనెతో కలిసి బురదలా ఉబికితే పిన్ను కదిలినట్టే. ఒక మిల్లీమీటరు కదిలాక ఆగి, వెనక్కి తోసి, నూనె పోసి, మళ్లీ ముందుకు తోయండి.

అప్పటికీ కదలకపోతే వేడి పెట్టాలి. ముందు నూనెను, అసిటోన్‌ను పూర్తిగా తుడిచి ఆరనివ్వకపోతే మంటలు లేస్తాయి. హీట్ గన్‌తో మడతబందు గొట్టాన్నే త్వరగా వేడి చేయాలి, ఎందుకంటే 10 మిల్లీమీటర్ల రంధ్రం 150 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది దాదాపు 0.02 మిల్లీమీటరే, పిన్ను కూడా కాలితే ఆ కాస్త సందూ మిగలదు. చుట్టుపక్కల రంగు మీద ఆశ వదులుకోండి.

చివరి మార్గం డ్రిల్లు. కొసను ఆకురాయితో చదును చేసి, సరిగ్గా నడుమ సెంటర్ పంచ్‌తో (మొనదేలిన ఉక్కు కడ్డీతో) గుంట కొట్టి, 3 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టి, పిన్ను కన్నా ఒక మిల్లీమీటరు సన్నని బిట్టు దగ్గర ఆగితే, మిగిలిన పలుచని గొట్టాన్ని లోపలికి నొక్కి లాగేయవచ్చు. రంధ్రం కోలగా అరిగిపోయి ఉంటే రీమరుతో (రంధ్రాన్ని నున్నగా పెంచే పనిముట్టుతో) గుండ్రం చేసి, బీటిల్‌కు దొరికే లావు పిన్నులు వేసుకోవాలి. పాత పిన్నును మళ్లీ వాడకండి. కొత్తదానికి గ్రీజు పూసి దించాక, తలుపు కొసను చేత్తో పైకెత్తి వదులుగా ఆడుతోందేమో చూశాకే జాకీ దించండి.