పప్పీని పూల్‌లో దింపుతున్నారా? ముందు మెట్లు చూపించండి

పోయిన ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు ఏడుస్తూ ఫోన్ చేశాడు. శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్ అద్దెకు తీసుకుని శనివారం అందరూ వెళ్లారు, నాలుగు నెలల లాబ్రడార్ పిల్లనూ తీసుకెళ్లారు. సాయంత్రం పిల్లలతో కలిసి పూల్‌లో బాగానే ఈదింది, ఆ వీడియోలు మాకూ పంపారు. తెల్లవారుజామున అందరూ నిద్రలో ఉండగా అది ఒక్కతే మళ్లీ పూల్ దగ్గరికి వెళ్లింది. వాచ్‌మన్ చూసేసరికి నీళ్లలో తేలుతోంది. ముందుకాళ్ల గోళ్లు అరిగి రక్తం కారి ఉన్నాయి, అంటే పడిన చోటే గోడ గీరుతూ ఉండిపోయింది. మెట్లు అక్కడికి పది అడుగుల దూరం.

దానికి ఈత వచ్చు. మెట్లు ఎక్కడున్నాయో తెలియదు.

నాకు తెలిసిన ఇళ్లలో ఇలా జరగడం ఇది మూడోసారి, మూడుసార్లూ ఇదే తప్పు. ఎండలు ముదిరాయి, మొయినాబాద్, చేవెళ్ల, శామీర్‌పేట ఫామ్‌హౌస్‌లకు వారం వారం కుక్కపిల్లలతో వెళ్తున్నారు. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో పెరట్లోనే పూల్ ఉన్న మనవాళ్లకైతే ఈ ప్రమాదం రోజూ ఉన్నదే. ఒంటరిగా వదలకూడదని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ తలుపు గడియ పెట్టడం మరిచిపోయే రాత్రి ఒకటి వస్తుంది, ఆ రాత్రి కోసమే ఇది రాస్తున్నా.

బయటికొచ్చే దారి

నీళ్లలో పడ్డ కుక్కపిల్ల కంగారులో దగ్గరున్న గోడకే వెళ్తుంది. పూల్ గోడ నున్నటి టైల్స్, నీళ్లకు గట్టు జానెడు పైన ఉంటుంది, కాలు ఆనదు. ముందుకాళ్లతో గీరుతుంటే ఒళ్లు నిలువుగా అయిపోయి వెనక భాగం కిందికి దిగుతుంది, కొన్ని నిమిషాల్లోనే అలిసిపోతుంది. అరవదు కూడా, అందుకే పక్క గదిలో ఉన్నవాళ్లకీ వినపడదు. స్టీలు నిచ్చెన దానికి ఉన్నా లేనట్టే.

నేర్పడం కష్టం కాదు, రోజుకు పది నిమిషాలు చాలు. వీపు మీద పట్టుకునే పిడి ఉన్న లైఫ్ జాకెట్ వేసి, మీరూ నీళ్లలోకి దిగండి. మొదటి రోజు పై మెట్టు మీద నిలబెట్టి, కడుపు తడిశాక బయటికి రానిచ్చి ఏదైనా తినిపించండి, అంతకుమించి వద్దు. తర్వాత మెట్లకు చెయ్యి చాచినంత దూరంలో పొట్ట కింద చెయ్యి పెట్టి, ముఖం మెట్ల వైపు తిప్పి వదలండి. అది అలవాటయ్యాక ఎదురు గోడ నుంచి, తర్వాత లోతు వైపు నుంచి వదలండి. ఎక్కడ వదిలినా తనంతట తానే తిరిగి మెట్లకు రావాలి, అప్పటిదాకా నేర్చుకున్నట్టు కాదు.

ఇక్కడే చాలామంది చెడగొడతారు. ఈత అవగానే గట్టు మీద నుంచి వంగి, చంకల కింద పట్టి పైకి లాగేస్తారు. రెండుసార్లు అలా చేస్తే చాలు, గట్టు దగ్గరికి వస్తే ఎవరో ఎత్తుతారని దానికి అలవాటవుతుంది. ఎవరూ లేని రోజు కూడా అక్కడికే వస్తుంది. అపాయంలో ఉంటే తప్ప గట్టు మీదికి ఎత్తొద్దు, ప్రతిసారీ మెట్ల మీదుగానే తీసుకురండి. మెట్ల పక్కన పెద్ద పసుపు డ్రమ్మో నీలం కుండో పెట్టండి, కుక్కలకు ఎరుపు కంటే ఆ రెండు రంగులే బాగా తెలుస్తాయి.

కొత్త పూల్‌కి వెళ్తే మళ్లీ మొదటి నుంచి.

ఒంటి తీరు, ఆరోగ్యం

పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు వాటికి లైఫ్ జాకెట్ లేకుండా లోతు నీళ్లు వద్దే వద్దు. ముక్కు పైకి పెట్టాలంటే తల బాగా వెనక్కి వంచాలి, వంచితే వెనక భాగం మునుగుతుంది. పొట్టికాళ్ల డాక్స్‌హండ్‌కూ జాకెట్ ఉండాల్సిందే. టీకాల కోర్సు, అంటే సుమారు పదహారు వారాల వయసు డోసు, పూర్తి కాకుండా వేరే కుక్కలు వచ్చే పూల్‌కి తీసుకెళ్లొద్దు, పార్వో అనే వైరస్ జబ్బు వస్తే బతికించుకోవడం కష్టం.

బంతి పదే పదే విసరొద్దు. నోరు తెరిచి పట్టుకున్న ప్రతిసారీ నీళ్లు మింగుతుంది, ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోతుంది. తూలడం, వాంతులు, పొట్ట ఉబ్బడం, చొంగ కారడం కనిపిస్తే రేపు చూద్దామనుకోకుండా అప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక మిగతావి. విసిరేసి ఈత నేర్పొద్దు, మీ మామయ్య అలాగే నేర్పాడని చెప్పొద్దు. ఐదు నిమిషాలు ఈత, తర్వాత విశ్రాంతి. వణికితే ఆపేయండి. తిన్న వెంటనే దింపొద్దు. మెడ బెల్టు, గొలుసు తీసేయండి, దేనికైనా తగులుకుంటాయి. క్లోరిన్ ఎక్కువ వేసిన రోజు ఎవరూ దిగొద్దు. మధ్యాహ్నం గట్టు రాయి మీద మీ అరచెయ్యి ఐదు సెకన్లు ఆనకపోతే దాని పాదాలూ కాలతాయి. బయటికి రాగానే మంచినీళ్లతో కడిగి చెవులు పొడిగా తుడవండి. పూల్ మీద కప్పిన షీటును నమ్మొద్దు, నేల అనుకుని ఎక్కితే దాని కిందే చిక్కుకుంటుంది. పిల్లలకు అప్పగించొద్దు. మందు పార్టీ ఉంటే పప్పీని గదిలో పెట్టి తాళం వేయండి. మెట్లు నేర్పారా? నిజంగా నేర్పారా, లేక ఒకసారి చూపించి వదిలేశారా?

మునిగినదాన్ని బయటికి తీస్తే తలకిందులుగా పట్టి ఊపుతూ సమయం పోగొట్టొద్దు. నోట్లో ఉన్నది తుడిచి పక్కకు పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే నోరు మూసి పట్టి ముక్కులోకి ఊదండి, ఛాతీ నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి, 30 నొక్కులకు 2 ఊదులు. ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు కారు తీయండి. అది లేచి తోక ఊపినా సరే డాక్టర్‌కి చూపించాల్సిందే, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ల ప్రభావం గంటల తర్వాత బయటపడుతుంది, రెండు రోజులు దగ్గు, ఆయాసం గమనిస్తూ ఉండండి.

ఈ శనివారం వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, కారు దిగగానే బ్యాగులు లోపల పెట్టకముందే జాకెట్ వేసి దాన్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్లండి.