ఉల్లిపొరలో కణాలు చూడటం ఎలా? స్లైడు తయారీ, ఉప్పునీటి ప్రయోగం, కొలత

ఉల్లిపొరను మైక్రోస్కోపు కింద పెట్టడం, ఏమీ అర్థంకాక పుస్తకంలోని బొమ్మనే రికార్డులోకి దించేయడం చాలా బడుల్లో జరిగే పనే. నింద మైక్రోస్కోపు మీదికి పోతుంది గానీ, పాత పరికరమైనా ఉల్లికణాలను చూపించగలదు. పొర మందంగా ఊడి రావడం, గాలి బుడగలు చేరడం, వెలుతురు మరీ ఎక్కువ కావడం: పని చెడేది ఎక్కువగా ఈ మూడింటి వల్లే.

కావలసినవి

ఒక ఉల్లిపాయ, కొత్త బ్లేడు, సన్నమొన పట్టకారు, సూది, గాజు స్లైడ్లు, కవర్ స్లిప్పులు, డ్రాపరు, రెండు చిన్న గిన్నెలు లేదా వాచ్ గ్లాసులు, బ్లాటింగ్ పేపరు. రంగు కోసం సాఫ్రనిన్. 100 మి.లీ. నీటిలో 1 గ్రాము పొడి కరిగించి వడకడితే 1 శాతం ద్రావణం వస్తుంది. వడకట్టకపోతే కరగని పలుకులు పొరమీద ఎర్రటి చుక్కల్లా అంటుకుంటాయి, పిల్లలు వాటినే కేంద్రకాలనుకుంటారు.

సాఫ్రనిన్ దొరక్కపోతే మందుల షాపులో అమ్మే టింక్చర్ అయోడిన్ చాలు. లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలపండి. ఉల్లి తన ఆహారాన్ని పిండిపదార్థంగా కాకుండా చక్కెరల రూపంలో దాచుకుంటుంది కాబట్టి అయోడిన్ వేసినా నల్లబడదు, కణాలు పసుపుగా, కేంద్రకాలు కాస్త ముదురుగా కనిపిస్తాయి. అదే చుక్క బంగాళాదుంప ముక్క మీద వేస్తే నీలి నలుపు రేణువులు బయటపడతాయి. రెండూ పక్కపక్కన చూపిస్తే ఒకే పాఠంలో రెండు సంగతులు తెలుస్తాయి.

పొర ఎక్కడిది తీయాలి?

ఉల్లిగడ్డలో ఒక్కో రేకూ నిజానికి ఒక ఆకు అడుగుభాగమే. దానికి లోపలి వైపు (గుంటగా ఉండే వైపు) ఒక చర్మం, బయటి వైపు (ఉబ్బెత్తు వైపు) ఒక చర్మం ఉంటాయి. లోపలి చర్మం కండకు గట్టిగా అంటుకుని ఉండదు. ఒకే ఒక్క కణం మందంతో ఊడి వస్తుంది. మనకు కావలసింది అదే. బయటి చర్మాన్ని లాగితే తరచూ కండ కూడా తోడుగా వస్తుంది. అప్పుడు కణాలు ఒకదానిమీద ఒకటి పడి మసకగా కనిపిస్తాయి.

పైన ఉండే ఎండు పొట్టు పనికిరాదు. అందులో ఉన్నవి చనిపోయిన కణాల గోడలే. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసి ‘సెల్’ అని పేరు పెట్టినవి కూడా ఇలాంటి ఖాళీ గోడలే, లోపల జీవపదార్థం లేనివి. మొలకెత్తి మెత్తబడిన గడ్డనూ వదిలేయండి.

స్లైడు తయారీ

1. గడ్డను నిలువుగా నాలుగు ముక్కలు చేసి, పై రెండు రేకులు తీసేసి మూడోదో నాలుగోదో తీసుకోండి.

2. గుంట వైపున బ్లేడుతో 5 మి.మీ. చదరం గీయండి. గీత లోతుగా పోనక్కర్లేదు. చదరం మూలను పట్టకారుతో పట్టి మెల్లగా లేపితే పారదర్శకంగా, పాలిథిన్ కాగితంలాంటి పొర వస్తుంది. దానికి తెల్లటి కండ అంటుకుని ఉంటే పారేసి ఇంకోటి తీయండి. బాగుచేయాలని గీకితే కణాలు చితికిపోతాయి.

3. తీసిన వెంటనే నీళ్లున్న గిన్నెలో వేయండి. గాలికి వదిలితే క్షణాల్లో చుట్టుకుపోతుంది, ఆ తరువాత దాన్ని విప్పడం పెద్ద తలనొప్పి.

4. రెండో గిన్నెలో కాసిన్ని నీళ్లకు రెండు మూడు చుక్కల సాఫ్రనిన్ కలిపి, పొరను అర నిమిషం నుంచి నిమిషం దాకా ఉంచండి. తరువాత మంచినీళ్లలో కడగండి. కడగడం మరిచిపోతే ఏ భాగం ఏదో తెలియకుండా అంతా ఒకే ఎరుపు.

5. శుభ్రమైన స్లైడు మధ్యలో ఒక చుక్క నీరు వేసి, దానిలో పొరను మడత లేకుండా సూదితో పరవండి. పాఠం పొడుగునా ఆరకుండా ఉండాలంటే నీటికి బదులు, సగం నీళ్లు కలిపిన గ్లిజరిన్ వాడవచ్చు.

6. కవర్ స్లిప్ ఒక అంచును నీటి చుక్కకు ఆనించి, రెండో అంచును సూదిమీద ఆపి, ఏటవాలుగా నిదానంగా దించండి. పైనుంచి టప్పున వదిలితే గాలి లోపలే చిక్కుకుంటుంది. పక్కలకు కారిన నీటిని బ్లాటింగ్ పేపరుతో అద్దండి.

గాలి బుడగ గుండ్రంగా, చుట్టూ మందమైన నల్లటి అంచుతో, మధ్యలో వెలుగుతూ కనిపిస్తుంది. మొదటిసారి చూసేవాళ్లు అందంగా ఉందని దాన్నే కణమని గీసేస్తారు. ఉల్లికణం గుండ్రంగా ఉండదు.

మైక్రోస్కోపులో చూడటం

అద్దం ఉన్న మైక్రోస్కోపైతే కిటికీ వెలుతురు వైపు తిప్పండి. నేరుగా ఎండ పట్టకూడదు, కంటికి ప్రమాదం. మొదట 10 రెట్ల వస్తు కటకం (స్లైడు వైపు ఉండేది) పెట్టండి. పక్కనుంచి చూస్తూ కటకాన్ని స్లైడుకు దగ్గరగా దించండి. తరువాత అక్షి కటకంలోంచి (కన్ను ఆనించేది) చూస్తూ, పెద్ద మరతో స్లైడుకూ కటకానికీ ఎడం పెంచుతూ పోండి. బొమ్మ తేటపడ్డాక చిన్న మరతో సరిచేయండి. కంటితో లోపల చూస్తూ కటకాన్ని కిందికి దించితే కవర్ స్లిప్ పగులుతుంది, కటకం గీరుకుపోతుంది. 40 రెట్ల కటకానికి మారాక పెద్ద మరను అసలు ముట్టుకోవద్దు.

అన్నీ సరిగా చేసినా తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనిపించడం లేదంటే, వేదిక కింద, వెలుతురును తగ్గించడానికి ఉండే డయాఫ్రమ్‌ను కొంచెం మూయండి. కణాలు దాదాపు పారదర్శకమైనవి. వెలుతురు పెరిగేకొద్దీ వాటి అంచులు మాయమవుతాయి. ఎక్కువ కాంతి ఉంటే బాగా కనిపిస్తుందనే నమ్మకం ఇక్కడ పనిచేయదు.

స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది. కాసేపు చిరాకు పుడుతుంది, చేతికి అలవాటవుతుంది.

ఏం కనిపించాలి?

ఇటుకల గోడలా వరుసగా పేర్చిన పొడవాటి గదులు. వాటి హద్దు గీతలు కణకవచాలు. ఒక్కో గదిలో ఒక ముదురు చుక్క, అదే కేంద్రకం. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో గమనించి పేరు పెట్టింది దీనికే. ఎక్కువ కణాల్లో అది గోడ పక్కన నక్కి ఉంటుంది, ఎందుకంటే మధ్య జాగానంతా రిక్తిక (కణంలో ద్రవం నిండిన సంచి) ఆక్రమించింది. కొన్నింటిలో మధ్యలో ఉన్నట్టు కనిపిస్తే, అది పై గోడకో కింది గోడకో ఆనుకుని ఉంది, మనం పైనుంచి చూస్తున్నాం, అంతే. కేంద్రకమే లేదనిపించిన కణం దగ్గర చిన్న మరను అటూ ఇటూ తిప్పండి, వేరే లోతులో దొరుకుతుంది.

ఆకుపచ్చ రంగునిచ్చే హరితరేణువులు కనిపించవు. వెలుతురు తగలకుండా నిల్వకోసం పెరిగిన రేకులివి. కణానికి శక్తినందించే మైటోకాండ్రియా కూడా ఈ స్లైడులో కనిపించవు. పుస్తకాల్లోని వివరమైన కణం బొమ్మలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక తెలిసిన వివరాలతో గీసినవి.

ఉప్పునీటి ప్రయోగం

నన్ను అడిగితే ఉల్లిపొరతో చేయగలిగిన వాటిలో ఇదే గొప్పది, చాలామంది దాటేసేదీ ఇదే. దీనికి ఎర్ర ఉల్లి కావాలి. ఎరుపు రంగు బయటి చర్మపు రిక్తికల్లో ఉంటుంది కాబట్టి ఈసారి ఉబ్బెత్తు వైపునుంచి, కష్టమైనా, చిన్న ముక్క తీయండి. సాఫ్రనిన్ వేయకూడదు. కణాలు బతికి ఉంటేనే ప్రయోగం సాగుతుంది.

నీటి చుక్కలో పెట్టి, కవర్ స్లిప్ వేసి, ఎర్రగా నిండుగా ఉన్న కణాలు ముందు చూసుకోండి. 100 మి.లీ. నీటిలో 5 గ్రాముల ఉప్పు కరిగించండి. ఆ నీటి చుక్కను కవర్ స్లిప్ ఒక అంచున వేసి, ఎదుటి అంచున బ్లాటింగ్ పేపరు ఆనిస్తే ఉప్పునీరు లోపలికి పాకుతుంది. కొద్ది నిమిషాల్లో ఎర్రటి భాగం గోడల్ని వదిలి ముడుచుకుంటుంది, గోడలు మాత్రం ఉన్నచోటే నిలబడతాయి. కణకవచం (బయటి గోడ) వేరు, కణత్వచం (దాని లోపలి పలుచని పొర) వేరు అని కంటికి కనబడే చోటు ఇది. ఇలా ముడుచుకోవడాన్ని కణద్రవ్య సంకోచం అంటారు. వెంటనే అదే పద్ధతిలో మంచినీళ్లు పోనిస్తే కణాలు మళ్లీ నిండుతాయి. ఆలస్యం చేస్తే చచ్చిపోతాయి, నిండవు.

మాగాయకు ఉప్పు కలిపిన మామిడి ముక్కల నుంచి ఊట దిగేదీ ఇందుకే. బయట ఉప్పు గాఢత ఎక్కువైతే, ద్రవాభిసరణం వల్ల కణాల్లోని నీరు త్వచం దాటి బయటికి వస్తుంది.

బుగ్గ కణాలతో పోలిక

నోరు పుక్కిలించి, శుభ్రమైన టూత్‌పిక్ మొండి వైపుతో బుగ్గ లోపల మెల్లగా ఐదారుసార్లు రుద్దండి. రక్తం రాకూడదు. స్లైడు మీద ఒక చుక్క 0.9 శాతం ఉప్పునీటిలో (100 మి.లీ.కి దాదాపు 1 గ్రాము) దాన్ని కలిపి, ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేసి, నిమిషం ఆగి కవర్ స్లిప్ వేయండి. ఎవరి పుల్ల వాళ్లదే. వాడినవాటిని బ్లీచింగ్ నీళ్లలో వేయాలి. మిథిలీన్ బ్లూ బట్టలమీద పడితే వదలదు.

ఇక్కడ ఇటుకల వరుస ఉండదు. వంకరటింకర అంచులతో, చదునుగా, అక్కడక్కడ మడతపడి ఉంటాయి. కణకవచం లేదు, కేంద్రకం నడుమనే ఉంటుంది. కణాలమీద నీలి నలుసులు కనిపిస్తే అవి నోట్లో ఉండే బాక్టీరియా.

కొలవడం, గీయడం

10 రెట్ల వస్తు కటకం కింద పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పెట్టి, కనిపించే వలయం అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. చాలా బడి మైక్రోస్కోపుల్లో దాదాపు 1.8 మి.మీ. ఉంటుంది. 40 రెట్ల కటకంలో అందులో నాలుగో వంతు, 0.45 మి.మీ. 1.8 మి.మీ.లో ఉల్లికణాలు పొడుగున ఆరు పట్టాయంటే ఒక్కోటి 0.3 మి.మీ. బుగ్గ కణం 40 రెట్ల వలయంలో ఏడో వంతు ఆక్రమిస్తే దాని అడ్డకొలత 0.06 మి.మీ. చిల్లర.

రికార్డులో మూడు నాలుగు కణాలు చాలు, కనిపించిన వంకరలతో సహా, పెన్సిలుతో, షేడింగు లేకుండా. బొమ్మ పక్కన ‘400 రెట్లు’ అని రాయడం మామూలే గానీ అది మైక్రోస్కోపు పెంచినది, మీ బొమ్మది కాదు. 0.3 మి.మీ. కణాన్ని కాగితం మీద 6 సెం.మీ. పొడవుగా గీస్తే, బొమ్మ వృద్ధి 200 రెట్లు.