ఎండల్లో లేజర్ సిట్టింగ్: పాత కార్డులోని జూల్స్ నమ్మొద్దు

నెల్లూరు, ఒంగోలు వైపు వేసవి పెళ్లిళ్లు దగ్గరపడ్డాయంటే లేజర్‌తో వెంట్రుకలు తీయించుకుని, గడ్డం మీద కమిలిన మచ్చలతో చర్మ డాక్టర్ల దగ్గరికి పరుగులు మొదలవుతాయి. మచ్చ సరిగ్గా హ్యాండ్‌పీస్ (చర్మానికి ఆనించే లేజర్ పిడి) మొన ఆకారంలో, సైజులో ఉంటుంది. ఎక్కువసార్లు కారణం ఒకటే: పోయినసారి క్లినిక్ కార్డులో రాసిన జూల్స్ (చదరపు సెంటీమీటరు చర్మం మీద పడే లేజర్ శక్తి) చూసి, ఇవాళ్టి చర్మం చూడకుండా అదే పెట్టేయడం.

లేజర్‌కి నలుపే గురి, అది వెంట్రుకదైనా చర్మానిదైనా. సంక్రాంతికి తట్టుకున్న 16 జూల్స్, మైపాడు బీచిలో ఒక పూట ఎండకి కమిలిన ముఖాన్ని కాల్చేయగలవు.

పక్క క్లినిక్ అంకె కూడా పనికిరాదు. అవే 20 జూల్స్ 5 మిల్లీసెకన్లలో పడితే పైచర్మం కాలే ప్రమాదం ఎక్కువ. 30 మిల్లీసెకన్లకి పరిస్తే పైచర్మం చల్లారుతూ ఉంటుంది, ముతక వెంట్రుక మాత్రం వేడిని పట్టుకునే ఉంటుంది. స్పాట్ (ఒక్క షాట్ పడే చోటు) పెద్దదయితే కాంతి లోతుకి దిగుతుంది, జూల్స్ తగ్గించాలి. హ్యాండ్‌పీస్ జరుపుతూ చేసే పద్ధతిలో 8, 10 జూల్స్ అని కనిపించేది అదే చోట పదేపదే పడుతుంది; దాన్ని ఒక్కో షాట్ అంకెతో పోల్చకండి.

లేజర్ రకాల పేర్ల ముందుండే అంకె నానోమీటర్లలో దాని కాంతి వేవ్‌లెంగ్త్. నల్లటి ఒంటికి 1064 ఎన్‌డీ యాగ్ భద్రం. చామనఛాయకి 810 డయోడ్ సరిపోతుంది, పల్స్ (ఒక్కో షాట్ పడే సేపు) పొడుగ్గా, మొన చల్లగా ఉంటేనే. 755 అలెగ్జాండ్రైట్ తెల్లటి ఒంటిది. బుగ్గల మీది నూగు జోలికి అసలు పోవద్దు, కొత్తవి మొలవొచ్చు. నెలసరి తప్పుతూ గడ్డం మీద ముతకగా వస్తుంటే ముందు హార్మోన్ పరీక్ష.

ఎండకి కమిలితే 4 వారాలు ఆగండి, పెళ్లి ఉన్నా సరే. మెషీన్ మారితే మళ్లీ టెస్ట్ ప్యాచ్, అంటే ముందు కొద్ది చోట కొట్టి చూడటం. రెండు రోజులు చూడాలి. ముందురోజు రేజర్‌తో గీసుకుని వెళ్లండి, పైన మిగిలిన వెంట్రుక కాలి చర్మాన్ని కాలుస్తుంది. 4 వారాల ముందు నుంచీ వ్యాక్సింగ్, థ్రెడింగ్ బంద్; కుదురే లేకపోతే కాంతి పట్టేదేముంది? కాటుక, పసుపు, పౌడరు కడుక్కోండి. పచ్చబొట్టు మీద కొట్టనివ్వొద్దు. కనుబొమల కింద వద్దు. తెల్ల వెంట్రుకకి డబ్బు పోయొద్దు. కళ్లజోడు ఆ లేజర్ వేవ్‌లెంగ్త్‌దే, మీకూ లేజర్ కొట్టేవాళ్లకీ. మత్తు క్రీము దట్టంగా పూయించుకోవద్దు, మంట తెలియకపోతే ఆపమనేదెవరు? కుదుళ్ల చుట్టూ చిన్న ఎర్ర బుడిపెలు మామూలే. చర్మం బూడిదరంగుకో తెల్లగానో తిరిగితే ఆపించండి. కార్డు తెరిచే ముందు మీ ముఖం వెలుతురులో చూడమనండి. చూడకుండా పాత జూల్సే పెడితే లేచి వచ్చేయండి.

బొబ్బ వస్తే చన్నీళ్ల తడిగుడ్డ వేయండి. ఐసు నేరుగా వద్దు, టూత్‌పేస్టు వద్దు, చిదమొద్దు. అదే రోజు చర్మ డాక్టరుకి చూపించండి. ఆ రోజు పెట్టిన జూల్స్, పల్స్, స్పాట్ మూడూ కాగితం మీద రాయించుకుని తీసుకెళ్లండి.